గుమ్మం దాటే వంకలు: డిస్టోపియన్ కథలు మన ఒంటరితనాన్ని ముందే ఎలా పసిగట్టాయి

తేనెపట్టులోని అరలా ఆరు పలకల గది. కిటికీ లేదు, దీపం కనిపించదు, అయినా గదినిండా వెలుతురు. మధ్యలో కుర్చీ, అందులో వాష్టి అనే ఆవిడ. చేతికందే దూరంలో మీటలు: తిండికొకటి, స్నానానికొకటి, సంగీతానికొకటి, పుస్తకానికొకటి. గంట మోగుతుంది. భూమికి అవతలి వైపున ఉన్న కొడుకు కూనో పిలుస్తున్నాడు. ఆవిడ చేతిలోని గుండ్రటి పలక వెలగడానికి పదిహేను సెకన్లు పడుతుంది. ఆ మాత్రానికే ఆవిడకు విసుగొస్తుంది. నీకు ఐదు నిమిషాలు ఇవ్వగలను, ఆ తర్వాత నా ఉపన్యాసం ఉంది అంటుంది. కొడుకు అడిగేది ఒక్కటే, నువ్వొకసారి వచ్చి నన్ను చూడమని. చూస్తూనే ఉన్నాను కదా, ఇంకేం కావాలి అంటుంది తల్లి. యంత్రంలోంచి చూడటం నాకొద్దు అంటాడు.

ఈ కథ పేరు ‘ది మెషీన్ స్టాప్స్’. రాసింది ఇ.ఎం. ఫార్‌స్టర్, అచ్చయింది 1909 నవంబరులో. అప్పటికి టెలివిజన్ ప్రసారాలు లేవు, ఇంటింటా రేడియో లేదు, కంప్యూటర్ అన్న మాటకు ఇంగ్లీషులో అర్థం లెక్కలు వేసే మనిషి. అయినా వాష్టి గదిలోకి తొంగిచూస్తే వీడియో కాల్, గది కదలకుండా వినే పాఠం, మీట నొక్కగానే వచ్చే భోజనం, వేలమంది పరిచయస్తులు అన్నీ ఉన్నాయి. తాకగలిగే మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

ఇలాంటి పోలికలన్నీ వరసగా రాసి, రచయిత ఎంత గొప్ప జోస్యం చెప్పాడోనని ఆశ్చర్యపోవడం మామూలైపోయింది. ఆ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, తగిలిన రాళ్లనే లెక్కపెడతాం, గురి తప్పినవి ఎవరికీ గుర్తుండవు. అదే కథలో మనుషులంతా భూమి అడుగున బతుకుతారు, దూరప్రయాణాలు గాలిఓడల్లో చేస్తారు. రెండోది ఇంకా ముఖ్యం. ఆ పరికరాల్లో చాలావాటిని రచయితలు కనిపెట్టలేదు. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో జనం టెలిఫోను చెవికి ఆనించుకుని నాటకశాలలో జరుగుతున్న ఒపేరా విన్నారు. 1893 నుంచి బుడాపెస్ట్‌లో ‘టెలిఫోన్ హిర్మాండో’ అనే సేవ చందాదారుల ఇళ్లకు తీగ మీదుగా వార్తలు, కచేరీలు వినిపించేది. ఇల్లు కదలకుండా లోకాన్ని ఇంట్లోకి రప్పించుకోవడం ఫార్‌స్టర్ కథ రాసేనాటికే కొందరికి అలవాటు.

మరి ఆయన ముందుగా చూసిందేమిటి? లోకం ఇంట్లోకి వచ్చేశాక మనిషి గుమ్మం దాటడానికి మిగిలే కారణాలు ఎన్ని అన్న లెక్క.

కథ కట్టే పద్ధతి

మంచి డిస్టోపియన్ కథల్ని, అంటే చెడిపోయిన రేపటి లోకాన్ని ఊహించే కథల్ని, విప్పి చూస్తే దాదాపు ఒకే అల్లిక కనిపిస్తుంది. రచయిత ముందు తన కాలంలో ఉన్న ఒక వస్తువునో ఏర్పాటునో తీసుకుంటాడు. దానికున్న ఒక పరిమితిని తీసేస్తాడు: ఖర్చు, దూరం, కొరత, ఆలస్యం, వీటిలో ఏదో ఒకటి. తర్వాత, వద్దనుకుంటే ఆపేసే వీలును తీసేస్తాడు. చివరగా ఒక మామూలు మనిషిని ఆ ఇంట్లో కూర్చోబెట్టి, వాళ్ల పొద్దు ఎలా గడుస్తుందో గంటగంటకూ రాస్తాడు. మొదటి రెండు పనులూ ఒక ఇంజనీరు కూడా చేయగలడు. మూడో పనిలోనే సాహిత్యం ఉంది, ఒంటరితనం బయటపడేదీ అక్కడే. ఎందుకంటే కథలో పాత్ర ఎవరితోనైనా మాట్లాడాలి, ఎక్కడికైనా వెళ్లాలి. సౌకర్యం పూర్తయిన ఇంట్లో పాత్రను పెట్టగానే రచయితకు పెద్ద ఇబ్బంది ఎదురవుతుంది: ఈవిడ ఎవరి దగ్గరికి వెళ్తుంది, ఏ పని మీద?

ఇక్కడ ‘వంక’ అన్న మాట బాగా పనికొస్తుంది. మనుషులు ఒకరినొకరు కలుసుకునేది చాలావరకు ఏదో ఒక వంకతోనే. అప్పు అడగడానికి, తీసుకున్న వస్తువు తిరిగి ఇవ్వడానికి, దారి కనుక్కోవడానికి, వరసలో నిలబడటానికి వెళ్తాం. పని అయిపోతుంది, మాట మిగులుతుంది. ఆ మాట కోసమే వెళ్లామని ఎవరూ ఒప్పుకోరు, బహుశా ఎవరికీ తెలియదు కూడా. యంత్రం ఆ పనిని చేసిపెట్టినప్పుడు పనితోపాటు వంక కూడా పోతుంది. మాటను ఎవరూ నిషేధించలేదు, దాని కింద ఉన్న మెట్టు ఒక్కటే తీసేశారు. వాష్టిని ఎవరూ గదిలో బంధించలేదు. తలుపు ఉంది, కారిడార్ ఉంది, గాలిఓడ టికెట్టు దొరుకుతుంది. తలుపు తెరుచుకోగానే ఆవిడకే కాళ్లు ఆడవు.

సమకాలీన ఏర్పాట్లను ఇదే లెక్కతో చూడవచ్చు. డబ్బు తీసుకునే యంత్రం వచ్చినప్పుడు బ్యాంకు గుమాస్తాతో మాట పోయింది. ఫోనులో మ్యాపు వచ్చినప్పుడు దారి అడగడం పోయింది. ఏది చూడాలో చెప్పే సిఫార్సుల జాబితా రావడంతో స్నేహితుణ్ని అడగాల్సిన పని తప్పింది. విడివిడిగా ఒక్కోటి చూస్తే లాభమే, ఫిర్యాదు చేయడానికి ఏమీ లేదు. నష్టం మొత్తం కూడితేనే కనిపిస్తుంది, అదీ చాలా ఆలస్యంగా. నవల చేసే మేలు ఆ కూడికను ఒక్క గదిలో, ఒక్క మధ్యాహ్నంలో చూపించడం.

రెండువందల మిల్లీసెకన్లు

ఫార్‌స్టర్ కథలో చాలామంది దాటిపోయే ఒక చిన్న గమనిక ఉంది. ఆ పలక ముఖంలోని సన్నటి ఛాయల్ని పంపదు, మనిషి గురించి ఒక స్థూలమైన రూపాన్నే ఇస్తుంది, పనులు జరగడానికి అది సరిపోతుంది. ద్రాక్షపండు మీద పట్టే మెత్తటి పొడిలాంటి నిగనిగను కృత్రిమ పండ్లు చేసేవాళ్లు ఎలా వదిలేశారో, మనిషికీ మనిషికీ మధ్య ఉండే ఆ పదార్థాన్ని యంత్రం అలాగే వదిలేసింది అంటాడు. వినడానికి కవిత్వంలా ఉంటుంది. కానీ యంత్రం వదిలేసినదాన్ని ఈరోజు చాలావరకు కొలవవచ్చు.

పాత టెలిఫోను లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న ధ్వనినే మోసేది. ‘స’, ‘ఫ’ లాంటి ఊదుడు ధ్వనుల్ని విడదీసే శక్తి చాలావరకు అంతకన్నా పైన ఉంటుంది. అందుకే ఫోనులో ఎవరిదైనా పేరు చెప్పాలంటే అక్షరం అక్షరం విడగొట్టాల్సి వచ్చేది. వీడియో కాల్‌లో ధ్వని మెరుగుపడింది, బొమ్మ వచ్చింది, చిక్కు వేరే చోటికి మారింది. కెమెరా తెర పైఅంచున ఉంటుంది, అవతలివాళ్ల ముఖం తెర మధ్యలో ఉంటుంది. వాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడితే వాళ్లకు మనం కిందికి చూస్తున్నట్టు కనిపిస్తుంది. కెమెరాలోకి చూస్తే వాళ్ల ముఖం మనకు కనిపించదు. చూపూ చూపూ కలవడం ఇందులో నిర్మాణపరంగానే కుదరదు.

ఇంకా లోతైన చిక్కు ఆలస్యం. 2009లో పది భాషల సంభాషణల్ని కొలిచిన ఒక పరిశోధనలో, ఒకరి మాట అయిపోయాక అవతలివాళ్లు అందుకోవడానికి పట్టే సగటు వ్యవధి దాదాపు 200 మిల్లీసెకన్లని తేలింది. కనురెప్ప ఒకసారి వాలి లేచేంత సేపు. అంటే మనం ఎదుటివాళ్ల వాక్యం ముగిసేదాకా ఆగడం లేదు, ముగింపును ముందే పసిగట్టి మాట సిద్ధం చేసుకుంటున్నాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచన ప్రకారం మాట ఒకవైపు వెళ్లడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిది. కానీ ఆ లోపలే ఉన్నా రాను, పోను కలిపి 300 అవుతుంది. ఖండాలు దాటే కాల్‌లో, బొమ్మను కుదించి మళ్లీ విప్పే పనీ కలిస్తే, ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు ఏం జరుగుతుందో అందరికీ అనుభవమే. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు, మీరు చెప్పండి అంటే కాదు మీరే చెప్పండి అనుకుంటారు. తంతి ఆలస్యాన్ని మెదడు మనిషి తటపటాయింపుగా చదువుతుంది. అవతలివాళ్లకు మన మీద ఆసక్తి లేదేమోనన్న అనుమానం కారణం తెలియకుండానే మొలుస్తుంది.

మౌనం సంగతి చూడండి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఐదు నిమిషాలు మాట్లాడకపోయినా ఇబ్బంది ఉండదు. కాల్‌లో ఐదు సెకన్ల మౌనం వస్తే ‘వినిపిస్తోందా?’ అని అడుగుతాం. అందువల్ల కాల్‌కు ఎప్పుడూ ఒక విషయం కావాలి, విషయం అయిపోతే కాల్ అయిపోతుంది. ఊరికే పక్కన కూర్చోవడం అనేది ఆ తీగ మీద ప్రయాణించదు. కూనో అడిగింది అదే.

1957లో పుస్తకంగా వచ్చిన అసిమోవ్ నవల ‘ది నేకెడ్ సన్’ ఈ విషయాన్ని చివరిదాకా తీసుకెళ్లింది. సొలేరియా అనే గ్రహంలో ఇరవైవేలమందే ఉంటారు, తలకు పదివేల రోబోలు. వాళ్ల భాషలో ‘వ్యూయింగ్’ అంటే త్రిమితీయ బొమ్మగా కనిపించడం, ‘సీయింగ్’ అంటే స్వయంగా ఎదురుపడటం. మొదటిది మర్యాద, రెండోది అసహ్యం. భూమి నుంచి వచ్చిన డిటెక్టివ్ ఒక సామాజిక శాస్త్రవేత్తను స్వయంగా కలుస్తాడు. ఆయన కాసేపు ఓర్చుకుంటాడు, తర్వాత అవతలి మనిషి విడిచిన గాలి తనకు తగులుతోందన్న ఊహకే కలవరపడి గదిలోంచి వెళ్లిపోతాడు. మిగతా సంభాషణ బొమ్మగా మారి పూర్తిచేస్తాడు, అప్పుడు హాయిగా మాట్లాడతాడు. ఈ ఘట్టంలో నన్ను ఆపేది ఆయన తీరులోని సహజత్వం. ఒక తరం సౌకర్యంగా మొదలుపెట్టినది తర్వాతి తరానికి మర్యాద అయింది, ఆ తర్వాత ఒంటి స్పందనే అయింది. చెప్పకుండా ఫోన్ చేస్తే మోటుతనమనీ, ముందు మెసేజ్ పెట్టి అడగాలనీ అనుకునే అలవాటు ఈ మెట్లలో ఎక్కడుందో చదివేవాళ్లే చూసుకోవచ్చు.

పేరు పెట్టి పిలిచే గోడ

ఒంటరితనపు యంత్రాంగాన్ని అందరికన్నా దగ్గరగా చూసింది రే బ్రాడ్‌బరీ అని నా అభిప్రాయం. ‘ఫారెన్‌హైట్ 451’ (1953) అనగానే పుస్తకాలు తగలబెట్టడమే గుర్తొస్తుంది. నిజానికి ఆ నవలలో సగం భారం పుస్తకాలు తగలబెట్టే కథానాయకుడు మాంటాగ్ ఇంట్లో ఉంది. అతని భార్య మిల్డ్రెడ్ చెవుల్లో రాత్రంతా గవ్వల్లాంటి బుల్లి రేడియోలు. వాటిని పెట్టుకునే పదేళ్లు గడపడంతో ఆవిడకు ఎదుటివాళ్ల పెదాల కదలికను బట్టి మాట పోల్చుకునే నేర్పు వచ్చేసింది. గవ్వలు తియ్యకుండానే మొగుడి మాట అర్థం చేసుకుంటుంది. చెవిలో పెట్టుకునే పరికరం వస్తుందని ఊహించడం పెద్ద విశేషం కాదు, ఎంతోమంది ఊహించేవారే. దాని వల్ల భార్యకు ఏ నైపుణ్యం అబ్బుతుందో ఊహించడం అసలైన పని.

ఆ ఇంటి ముందుగదిలో మూడు గోడలూ తెరలే. నాలుగో గోడ కూడా పెట్టిద్దామని మిల్డ్రెడ్ పట్టు. ఖర్చు రెండువేల డాలర్లు, మాంటాగ్ ఏడాది సంపాదనలో మూడోవంతు. గోడల్లో కనిపించేవాళ్లను ఆవిడ ‘కుటుంబం’ అంటుంది. ఒక నాటకంలో ఆవిడకూ పాత్ర ఉంది: గోడల్లోని మనుషులు అందరూ ఆగి ఆవిడ వైపు చూస్తారు, ఆవిడ కాగితం చూసి ఒక వాక్యం చదువుతుంది. అదనంగా వంద డాలర్లు పెట్టి ఒక పరికరం తగిలించారు. వ్యాఖ్యాత ఊరూపేరూ తెలియని జనాన్ని ఉద్దేశించి మాట్లాడే ప్రతిచోటా అది మిసెస్ మాంటాగ్ అన్న పేరును ఇరికిస్తుంది. పెదాల కదలిక ఆ పేరుకు సరిపోయేలా తెర మీద బొమ్మను కూడా దిద్దుతుంది. 1953లో ఈ వాక్యం రాశాడు. యంత్రంతో ముఖాలకు మాటలు అతికించే విద్య ఇప్పుడు అందరి చేతుల్లో ఉంది.

మూడేళ్ల తర్వాత, 1956లో, హార్టన్, వోల్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు తెర మీది మనిషితో ప్రేక్షకుడికి ఏర్పడే ఒకవైపు బంధానికి ‘పారాసోషల్’ అని పేరు పెట్టారు. అవతలివాళ్లకు మనం తెలియదు, మనకు మాత్రం వాళ్లు ఇంటివాళ్లే. ఆ బంధానికి సౌలభ్యం ఎక్కువ. అలగదు, అప్పు అడగదు, ఆసుపత్రిలో తోడు పడుకోమనదు. మనం పిలిచినప్పుడు వస్తుంది. మామూలు మనుషులతో బంధం దీనితో పోటీపడలేదు, ఎందుకంటే మనుషులకు వాళ్ల పనులూ చిరాకులూ ఉంటాయి. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎంఐటీలో ‘ఎలైజా’ అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. మనం టైపు చేసిన వాక్యాన్నే కొంచెం తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి ఏమీ రాదు. దాని తయారీని నెలల తరబడి చూసిన ఆయన సెక్రటరీయే, దానితో కాసేపు మాట్లాడాక, మీరు కొంచెం బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగింది. వైజెన్‌బామ్‌ను జీవితాంతం కలవరపెట్టిన సంఘటన ఇది. మనవైపు తిరిగి అడిగే గొంతు ఉంటే చాలు, మిగతాది మనమే పూరించుకుంటాం. బ్రాడ్‌బరీ గోడకూ కావలసింది ఆ ఒక్క పేరే.

నవలలో ఇంకో చిన్న దృశ్యం ఉంది, అది చదివి ముందుకు సాగడం కష్టం. మిల్డ్రెడ్ నిద్రమాత్రలు ఎక్కువగా మింగుతుంది. పిలిస్తే వచ్చేది డాక్టరు కాదు, పంపు పట్టుకొచ్చిన ఇద్దరు పనివాళ్లు. ఇలాంటివి రాత్రికి తొమ్మిదో పదో వస్తున్నాయి, అందుకే యంత్రం చేయించారు అంటారు. తెల్లారాక ఆవిడకు ఏమీ గుర్తుండదు. ఆ బాధకు కారణం ఎవరూ అడగరు. కేసులు పెరిగాయి కాబట్టి పరికరం మెరుగుపడింది, అంతే.

ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు

తెలుగులో ఈ రెండు మాటలూ మనకు అందుబాటులో ఉండటం అదృష్టం. ఈ కథల్లో మనుషులు ఒంటరితనంలో మునిగిపోతూనే ఏకాంతాన్ని పోగొట్టుకుంటారు. హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ (1932)లో బెర్నార్డ్ రాత్రిపూట హెలికాప్టర్‌ను సముద్రం మీద ఆపి, కాసేపు నిశ్శబ్దంగా చూద్దామంటాడు. పక్కనున్న లెనీనాకు ఆ చీకటి నీళ్లు చూసి వణుకు పుడుతుంది, వెంటనే రేడియో పెట్టేస్తుంది. ఆవిడ చెడ్డది కాదు, తనతో తాను ఉండటం ఎప్పుడూ నేర్పని లోకంలో పెరిగింది. పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1958లో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. పసిబిడ్డ ఒంటరిగా ఉండగలగడం నేర్చుకునేది అమ్మ పక్కనే ఉన్నప్పుడు అంటాడు. తోడు నమ్మకంగా ఉన్నప్పుడే ఏకాంతం హాయిగా ఉంటుంది. అంటే ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు, ఒకటి పోతే రెండోదీ పోతుంది. నిమిషానికోసారి ఫోను తీసే చెయ్యి వెతికేది తోడు అయినా కావచ్చు, తనతో తాను ఉండాల్సిన గడియ నుంచి తప్పించుకోవడమైనా కావచ్చు.

నిఘా కథల్లోనూ దారి వేరైనా చేరేచోటు ఇదే. జామ్యాతిన్ 1920-21లో రాసిన ‘మేము’ నవలలో ఇళ్లన్నీ గాజువే. మనుషులకు పేర్లు లేవు, నంబర్లున్నాయి. ప్రతి ముద్దనూ యాభైసార్లు నమలాలి. రోజుకు రెండే సొంత గంటలు. శృంగారానికి అనుమతిచ్చే గులాబీ చీటీ ఉన్న గంటలో మాత్రం పరదా దించుకోవచ్చు. జామ్యాతిన్ ఓడల ఇంజనీరు, ఇంగ్లండులో మంచును చీల్చే ఓడల నిర్మాణం పర్యవేక్షించినవాడు. ఫ్రెడరిక్ టేలర్ గడియారం పట్టుకుని కార్మికుడి కదలికల్ని సెకన్లలో కొలిచిన పద్ధతిని ఆయన ఫ్యాక్టరీ గేటు దాటించి పడకగది దాకా తెచ్చాడు. ఆర్వెల్ ‘1984’ (1949)లోని టెలిస్క్రీన్ (ఇంట్లోవాళ్లను చూస్తూ, వింటూ ఉండే తెర) గురించి అందరికీ తెలుసు. తక్కువమంది గుర్తుంచుకునే వివరం ఒకటి ఉంది: దాని వెలుగు తగ్గించుకోవచ్చు గాని పూర్తిగా ఆపడానికి లేదు. ఆపే అధికారం లోపలి పార్టీ సభ్యులకే ఉంది, వాళ్లయినా అరగంట మించి ఆపడం మంచిది కాదనుకుంటారు. మీట ఎవరి చేతిలో ఉందన్నదే అక్కడ వర్గభేదం. ఎప్పుడూ ఎవరో వింటున్నారన్న లోకంలో పక్కవాడికి మనసులో మాట చెప్పలేం. జనం మధ్యే మనిషి ఒంటరి అవుతాడు.

గురి తప్పిన చోట్లు

ఈ రచయితలు ఒక విషయంలో దాదాపు అందరూ పొరబడ్డారు. మీట ఒకే చోట, ఒకే ప్రభుత్వం చేతిలో ఉంటుందనుకున్నారు. యంత్రాన్ని మనమే డబ్బు పెట్టి కొని, జేబులో వేసుకుని, రాత్రి పక్కలో పెట్టుకుని, తెల్లారేలోపు ఛార్జింగ్ అయిపోతుందేమోనని భయపడతామని ఊహించలేదు. కొంత దగ్గరికి వచ్చినవాడు ఫిలిప్ కె. డిక్. ‘యూబిక్’ (1969)లో జో చిప్ తన ఫ్లాట్ తలుపు తెరవబోతాడు. ఐదు సెంట్లు వేస్తే గాని తెరుచుకోనంటుంది తలుపు. అతను ఫ్లాట్ కొన్నప్పటి ఒప్పందం తీసి చూస్తాడు, తలుపు చెప్పిందే రైటు. కత్తితో మేకులు విప్పబోతే దావా వేస్తానంటుంది. వస్తువు మనింట్లో ఉంటుంది, హక్కు మాత్రం ఒప్పంద పత్రంలో ఉంటుంది. 2009 జూలైలో అమెజాన్ హక్కుల తగాదా వల్ల కొందరు పాఠకుల కిండిల్‌లోంచి కొన్న పుస్తకాల్ని దూరం నుంచే చెరిపేసి డబ్బు వెనక్కి ఇచ్చింది. అలా చెరిగిన వాటిలో ‘1984’ కూడా ఉంది. కంపెనీ తర్వాత క్షమాపణ చెప్పుకుంది.

ముర్రే లైన్‌స్టర్ 1946 మార్చిలో ప్రచురించిన ‘ఎ లాజిక్ నేమ్డ్ జో’ మరో మినహాయింపు. ప్రతి ఇంట్లో తెర, కీబోర్డు ఉన్న ‘లాజిక్’ ఉంటుంది, అన్నీ ఒక సమాచార నిలయానికి కలిసి ఉంటాయి. ఎనియాక్ కంప్యూటర్ సంగతి జనానికి తెలిసిందే ఆ ఏడాది ఫిబ్రవరిలో. కథలో ఒక లాజిక్ తయారీలోపం వల్ల నిషేధపు వలయాల్ని దాటేసి ఎవరు ఏమడిగినా జవాబు చెప్పేస్తుంది: పట్టుబడకుండా హత్య చేయడం ఎలా, పక్కింటివాళ్ల గుట్టు ఏమిటి అన్నవి కూడా. దానికి ఏ దురుద్దేశం లేదు, సాయం చేయాలనే తపనే ప్రమాదం. దాన్ని ఎందుకు ఆపెయ్యరంటే, లాజిక్‌లు లేకుండా ఏ పనీ నడవని స్థితికి లోకం వచ్చేసింది.

రెండో పొరపాటు, తీగకు ఉన్న మేలును తక్కువగా లెక్కించడం. మంచం దిగలేని మనిషికి, చెవులు వినపడని మనిషికి, తనలాంటివాళ్లు చుట్టుపక్కల ఒక్కరూ లేని మనిషికి వాష్టి గదిలోని పలకే మొదటి కిటికీ కావచ్చు. పరిశోధనలు కూడా నవలలంత ఏకపక్షంగా లేవు. రాబర్ట్ క్రౌట్ బృందం 1998లో 73 కుటుంబాల్లోని 169 మందిని గమనించి, ఇంటర్నెట్ వాడకం పెరిగేకొద్దీ ఇంట్లో మాటలు తగ్గి, ఒంటరితనం కొంచెం పెరిగిందని చెప్పింది. అదే బృందం తర్వాత వాళ్లను మళ్లీ పరిశీలించి, ఆ చెడు ప్రభావాలు చాలావరకు కనిపించడం లేదని 2002లో ప్రకటించింది. 2019లో ఆర్బెన్, ప్రిజిబిల్‌స్కీ పెద్దపెద్ద సర్వేల్ని పరిశీలించి, కౌమార వయసువాళ్ల క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకం వివరించగలిగేది గరిష్ఠంగా 0.4 శాతమేనన్నారు. సగటు లెక్కలు వంకల నష్టాన్ని పట్టుకోలేవన్నది నిజమే. అయినా ఫోనే అన్నిటికీ మూలమని తేల్చేయడానికి ఆధారం చాలదు.

గట్టి ఆధారం ఉన్నది వేరే చోట. 2010లో హోల్ట్-లున్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాల్ని, మూడు లక్షలకు పైగా మనుషుల్ని కలిపి చూసింది. గట్టి సామాజిక బంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం మిగతావాళ్లకన్నా 50 శాతం ఎక్కువని తేలింది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనం బాధ్యత చూసే మంత్రుల్ని పెట్టుకున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారంటుంది. కొలిచేవాళ్లు రెండింటిని విడిగా కొలుస్తారు. ఎంతమందితో ఎంత తరచుగా కలుస్తున్నామన్నది సామాజిక ఏకాకితనం, తలలెక్క. కావలసినంత తోడు లేదన్న బాధ ఒంటరితనం, అది లోపలి లెక్క. రెండోదానికి మూడు ప్రశ్నల చిన్న కొలత ఉంది: తోడు లేదని, నన్ను పక్కన పెట్టారని, అందరికీ దూరమయ్యానని ఎంత తరచుగా అనిపిస్తుంది? అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా అన్న జవాబులకు 1, 2, 3 మార్కులు. మొత్తం 3 నుంచి 9. ఈ కొలత పెడితే వాష్టికి 3 వచ్చేది, ఆవిడకు ఏ లోటూ తెలియదు. కూనోకు 9 వచ్చేది. తలలెక్కలో మాత్రం ఇద్దరికీ సున్నాయే. కథ మొత్తం ఆ తేడా మీదే నిలబడింది.

ఫిర్యాదుల వరస

ఇలాంటి నవల చేతికొస్తే పరికరాల పోలికలు పక్కనపెట్టి, పెన్సిలుతో మూడు రకాల వాక్యాల కింద గీత గీయండి. పాత్ర ఏ పని మీద మరో పాత్ర దగ్గరికి వెళ్తోందో చెప్పేవి ఒకటి. ఆపే మీట ఎవరి చేతిలో ఉందో చెప్పేవి ఇంకొకటి. మూడోవి, ఏదైనా పాడైనప్పుడు మనుషులు ఏం చేస్తారో చెప్పేవి. ఆ మూడో రకం చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది, దొరికినచోట ఆగి మళ్లీ చదవాలి.

ఫార్‌స్టర్ కథ చివర్లో యంత్రం ఒక్కసారిగా కూలిపోదు. ముందు సంగీతంలో ఉక్కిరిబిక్కిరైనట్టు ఒక చప్పుడు వస్తుంది. వాష్టి మరమ్మతులు చూసే సంఘానికి ఫిర్యాదు చేస్తుంది, పరిశీలిస్తామంటారు. కొన్నాళ్లకు ఆ చప్పుడు కూడా పాటలో భాగమేనని చెవి ఒప్పుకుంటుంది. తర్వాత కృత్రిమ పండ్లకు బూజు పడుతుంది. స్నానపు నీళ్లు కంపు కొడతాయి. కవిత్వం రాసే యంత్రం ప్రాసలు తప్పుతుంది. ప్రతిదానికీ మొదట గోల చేస్తారు, తర్వాత సర్దుకుంటారు, ఆపైన మర్చిపోతారు. చివరికి నిద్రకు మంచాలు రావడం మానేసినప్పుడు అందరూ ఒకేసారి అడుగుతారు. మరమ్మతులు చేసే యంత్రానికే మరమ్మతు అవసరమైందని జవాబు వస్తుంది. మొత్తం యంత్రం తెలిసిన మనిషి అప్పటికి ఒక్కరూ లేరు, పక్కగదిలో ఎవరున్నారో కూడా ఎవరికీ తెలియదు.